సైకిలు టైరులో ఏ వాయువు నింపవలెను?

సైకిలుపై పోవు మనిషి నిజమునకు గాలిపై కూర్చుండి పోవుచున్నాడు. పాలబిందెలు తెచ్చువాని బరువును, వార్తాపత్రికలు పంచు కుర్రవాని బరువును, బడికి పోవు బాలిక పుస్తకముల సంచిని మోయుచున్నది రెండు రబ్బరు గొట్టములలో బంధింపబడిన గాలియే. ఈ గాలిని ఇంటనున్న పంపుతో కొట్టుకొనుటయో, స్వల్పమైన రుసుము ఇచ్చి వీధి మొగలోని సైకిలు షాపులో కొట్టించుకొనుటయో మనకు అలవాటు. కాని ఇటీవలి కాలమున పెట్రోలు బంకులలో 'నైట్రోజన్ గాలి' అను పలకలు కనబడుచున్నవి. సైకిలు పందెములలో పాల్గొనువారు బొటనవ్రేలంత ఉక్కు గొట్టమును జేబులో పెట్టుకొని, దారిలో పంచరు పడినచో దానిలోని వాయువుతో క్షణములో టైరు నింపుకొనుచున్నారు. హీలియము నింపినచో బండి తేలికయగునని చెప్పువారును కలరు. ఇవి మామూలు గాలికన్న మేలైనవా? వీనికై డబ్బు వెచ్చించుట తగునా? వీనిలో ఏదైనను ప్రమాదకరమైనది కలదా? ఈ ప్రశ్నలను ఒక్కొక్కటిగా విచారింతము.

చక్రమునకు గాలితొడుగు వేయవచ్చునని మొదట తలచినవాడు రాబర్టు విలియం థామ్సన్ అను స్కాట్లండు ఇంజనీరు. అతడు 1845లో ఇంగ్లండులో దీనికి పేటెంటు పొందెను. కాని అప్పటికి నేటి సైకిలే లేదు. గుఱ్ఱపు బండ్లకు ఆ తొడుగు ఖరీదైన వింతగా తోచెను. లోకము దానిని మరచిపోయెను. నలుబది సంవత్సరములు గడచిన పిమ్మట, 1887లో, ఐర్లండులోని బెల్ఫాస్టు పట్టణమున పశువైద్యుడుగా నున్న జాన్ బాయిడ్ డన్‌లప్ తన కుమారుని మూడు చక్రముల బండికి రబ్బరు గొట్టము చుట్టి, గాలి నింపి చూచెను. మరుసటి సంవత్సరమే పేటెంటు తీసికొనెను. 1889లో గాలిటైర్లు వేసిన సైకిలుపై పోటీచేసిన విలియం హ్యూమ్ బెల్ఫాస్టు పందెములలో గెలుపొందగా, గట్టి రబ్బరు చుట్టిన చక్రముల కాలము ముగిసినది. అప్పటినుండి నేటివరకు ఆ గొట్టములో నింపుచున్నది మన చుట్టునున్న గాలినే.

మొదట టైరులోని వాయువు చేయు పని యేమో చూతము. వాయువులోని అణువులు నిరంతరము అన్ని దిక్కులకును పరుగెత్తుచు గొట్టపు గోడలను కొట్టుచుండును. ఆ దెబ్బల మొత్తమే పీడనము. 1811లో ఇటలీ దేశపు శాస్త్రజ్ఞుడు అవొగాడ్రో ఒక సూత్రము చెప్పెను: ఒకే ఉష్ణోగ్రత, ఒకే పీడనము గల సమాన ఘనపరిమాణములలో, వాయువు ఏదైనను, అణువుల సంఖ్య సమానము. బరువైన అణువు మెల్లగాను, తేలికైన అణువు వడిగాను పోవుటచే దెబ్బల ఫలితము సరిపోవును. కనుక చదరపు అంగుళమునకు 40 పౌండ్ల పీడనము కావలెనన్నచో దానిని గాలితో తెచ్చినను, నత్రజనితో తెచ్చినను, హీలియముతో తెచ్చినను టైరునకు ఒక్కటే.

ఆ పీడనమెంత ముఖ్యమో చిన్న లెక్కతో తెలియును. మనిషియు సైకిలును కలసి 85 కిలోలున్నచో, వెనుక చక్రముపై పడునది సుమారు 55 కిలోలు, అనగా 120 పౌండ్లు. టైరులో 40 పౌండ్ల పీడనమున్నచో దాని అడుగు నేలను తాకు మేర దాదాపు 3 చదరపు అంగుళములు. పీడనము 20 పౌండ్లకు దిగినచో ఆ మేర 6 చదరపు అంగుళములగును. చక్రము తిరిగినంతసేపును అంత రబ్బరు నలిగి, మరల నిక్కవలెను. ఆ నలుగుడుకు ఖర్చగు శక్తి త్రొక్కువాని కాళ్ళనుండియే రావలెను. మెత్తబడిన టైరు రాతిపైనో గుంతలోనో పడినప్పుడు రింగునకును రాతికిని నడుమ ట్యూబు చిక్కి తెగిపోవుటయు కలదు. కనుక లోపలనున్నది ఏ వాయువన్న ప్రశ్నకన్న, ఎంత పీడనముతో నున్నదన్న ప్రశ్న పెద్దది.

అట్లయిన వాయువుల మధ్య భేదమే లేదా? మూడు విషయములలో కలదు: బరువు, కారిపోవు వేగము, ప్రమాదము.

బరువు సంగతి ముందు చూతము. మన పెద్ద రోడ్డు సైకిలు ట్యూబులో పట్టు చోటు సుమారు రెండున్నర లీటర్లు. 40 పౌండ్ల పీడనమునకు నింపినపుడు దానిలో ఇమిడియుండునది బయటి కొలతలో 9 లీటర్లకు కొంచెము మించిన గాలి. దాని బరువు 11 గ్రాములు. అదే హీలియమైనచో గ్రామున్నర. ఒక్కొక్క చక్రమునకు పది గ్రాములలోపు, రెండింటికిని కలిపి ఇరువది గ్రాములలోపు మాత్రమే ఆదా. ఇరువది కిలోల సైకిలుపై నాలుగు చెంచాల నీళ్ళంత బరువు తగ్గించుటకై అరుదైన హీలియమును కొనుట వృథా. టైరు బండిని పైకెత్తునని కొందరు ఊహింతురు గాని, ఆ ఎత్తు బలము ఒక గ్రాము మొదలు గ్రామున్నరవరకే; బుడగ ఎగురుటకు కారణము దాని పలుచని తోలు, పెద్ద కడుపు; టైరునకు ఆ రెండును లేవు.

ఇక రెండవది, కారిపోవుట. పంచరు లేకున్నను, వాల్వు బాగుగనే యున్నను, నెలరోజులు మూలనుంచిన సైకిలు టైరు మెత్తబడియుండుట అందరును చూచినదే. గాలి ఏ దారిని పోయినది? రబ్బరు గోడలోనుండియే పోయినది. ఈ సంగతి గాలిటైరు పుట్టుకకు ముందే శాస్త్రజ్ఞులకు తెలియును.

1824లో మైకేల్ ఫారడే లండనులో ఉదజనితో ప్రయోగములు చేయుటకై రబ్బరు బుడగలను తయారుచేసెను. 1831లో అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరపు వైద్యుడు జాన్ కియర్స్‌లీ మిచెల్, ఉదజని నింపిన రబ్బరు బుడగలు గదికప్పునకు ఎగిరి కొంతకాలమునకు దిగివచ్చుటను గూర్చి విచారించి, వేరువేరు వాయువులు రబ్బరుగుండ వేరువేరు వేగములతో పోవునని కనుగొనెను. 1866లో లండను టంకశాల అధిపతియైన థామస్ గ్రాహం ఈ వేగములను కొలిచెను. నత్రజని వేగమును ఒకటిగా తీసికొన్నచో ఆమ్లజని రెండున్నర, ఉదజని ఐదున్నర, బొగ్గుపులుసు వాయువు, అనగా కార్బన్ డయాక్సైడు, పదమూడున్నర అని తేలెను.

ఇక్కడ ఆశ్చర్యపడవలసిన సంగతి యొకటి కలదు. అణువులలో ఎల్ల తేలికైనది ఉదజని. బొగ్గుపులుసు వాయువు అణువు దానికి ఇరువదిరెండు రెట్లు బరువైనది. గోడలోని సూక్ష్మరంధ్రములగుండ వాయువు దూరిపోవుచుండినచో ఉదజనియే ముందుండవలెను. బొగ్గుపులుసు వాయువు ముందుండుటకు కారణమేమి? గ్రాహం చెప్పిన సమాధానమే నేటికిని నిలిచియున్నది. రబ్బరు గోడ జల్లెడవంటిది కాదు. వాయువు దానిలో కరగును. లోపలి ముఖమున కరగి, రబ్బరు అణువుల నడుమ మెల్లమెల్లగా జరిగి, వెలుపలి ముఖమున మరల వాయువుగా బయటపడును. కనుక రెండు గుణములను చూడవలెను: వాయువు ఎంత ఎక్కువగా కరగును, కరగినది ఎంత వడిగా జరుగును.

గోలీసోడాను జ్ఞప్తికి తెచ్చుకొందము. సోడాలో పొంగునది ఈ బొగ్గుపులుసు వాయువే. నత్రజనితోగాని, ఆమ్లజనితోగాని సోడా చేయరు. అవి నీటిలో అంతగా కరగవు. రబ్బరులో కూడ అట్లే. బొగ్గుపులుసు వాయువు మిగిలినవానికన్న మిక్కిలి ఎక్కువగా కరగును. ఒక్కొక్క అణువు మెల్లగా నడచినను, ద్వారమున ప్రవేశించు గుంపు పెద్దదగుటచే దాటిపోవు మొత్తము ఎక్కువగును. హీలియము సంగతి దీనికి విరుద్ధము. అది రబ్బరులో చాల కొద్దిగానే కరగును. కాని కరగినది బహు వేగముగా పరుగెత్తును. ఫలితమొక్కటే: హీలియము కూడ నత్రజనికన్న అనేక రెట్లు త్వరగా జారిపోవును. సాయంకాలము సంతలో కొన్న హీలియము బుడగ తెల్లవారునప్పటికి నేలనుండుట ఇందుచేతనే.

ఇప్పుడు పందెగాండ్ర ఉక్కు గొట్టము సంగతి తెలియును. దానిలో సాధారణముగా 16 గ్రాముల బొగ్గుపులుసు వాయువు ద్రవరూపమున నుండును. విడిచినచో సుమారు తొమ్మిది లీటర్ల వాయువగును. సన్నని పందెపు టైరును నిండుగా నింపుటకు అది చాలును. మన పెద్ద టైరునకు చాలీచాలనట్లుండును. నత్రజనిని గాని, మామూలు గాలిని గాని ఇంత చిన్న గొట్టములో ఇంతగా ఇరికించుట సాధ్యము కాదు. అవి మన ఉష్ణోగ్రతలలో ద్రవముగా మారవు. పందెములో బొగ్గుపులుసు వాయువును ఎన్నుకొనుటకు కారణమిదే. కాని నింపిన టైరు మరునాటికి మెత్తబడును. తెలిసినవారు ఇల్లు చేరగనే ఆ వాయువును వదలివేసి పంపుతో మామూలు గాలి కొట్టుకొందురు.

పంపు కొట్టునపుడు దాని అడుగుభాగము వేడెక్కుట పిల్లలకును తెలియును. గాలి నొక్కబడుటచే ఆ వేడి పుట్టును. ఉక్కు గొట్టమును తెరచినపుడు దీనికి విరుద్ధముగా జరుగును. ద్రవము వాయువై వ్యాపించుటకు కావలసిన వేడిని గొట్టమునుండియే లాగుకొనుటచే అది మంచుపట్టి, వట్టి చేతితో పట్టుకొన్నవాని చర్మమును గాయపరచును. చేతితొడుగో గుడ్డయో ఉండవలెను. మరియొక జాగ్రత్త మన ఎండలనుబట్టి చెప్పవలసియున్నది. 20 డిగ్రీల వద్దనే ఆ గొట్టములోని పీడనము వాతావరణ పీడనమునకు 57 రెట్లు. 31 డిగ్రీలు దాటినచో లోపలిది ద్రవముగా నిలువదు. వేడిమితోపాటు పీడనము త్వరగా పెరుగును. మే నెలలో విజయవాడలోనో, రామగుండములోనో ఎండలో నిలిపిన కారులో అట్టి గొట్టమును విడిచిపెట్టుట క్షేమము కాదు.

రబ్బరు జాతినిబట్టి కూడ కారుట మారును. సహజ రబ్బరు పాలతో చేసిన పలుచని ట్యూబులు మెత్తగా పరుగెత్తునని పందెగాండ్రు ఇష్టపడుదురు గాని, వానికి ప్రతిదినము గాలి కొట్టవలసియుండును. 1937లో అమెరికాలో విలియం స్పార్క్స్, రాబర్టు థామస్ అను రసాయనికులు బ్యూటైల్ రబ్బరును కనిపెట్టిరి. దాని అణుమాలలు దట్టముగా అల్లుకొని యుండుటచే వాయువులు మిక్కిలి మెల్లగా జరుగును. గాలిని నిలుపుటలో అది సహజ రబ్బరుకన్న పదిరెట్లకు పైగా మేలు. ట్యూబు కొనునపుడు అది బ్యూటైలా కాదా అని అడిగి తెలిసికొనుట, ఏ వాయువు నింపవలెనని వెదకుటకన్న ఎక్కువ లాభము నిచ్చును.

ఇక నత్రజని. మన చుట్టునున్న గాలిలో నూటికి 78 పాళ్ళు నత్రజనియే. 21 పాళ్ళు ఆమ్లజని. మిగిలినది ఆర్గాను మొదలగునవి. బంకువారు అమ్మునది ఆ 78ని 95కో, అంతకు పైగానో పెంచిన వాయువు. ఆమ్లజని రబ్బరును త్వరగా దాటును గనుక దానిని తగ్గించినచో కారుట కొంత నెమ్మదించుననుట నిజమే. అంతేకాదు, ఒక్కొక్క వాయువు తన వాటా పీడనమునుబట్టియే కదలును గనుక, లోపల వట్టి నత్రజని యున్నచో బయటి ఆమ్లజని కొంత టైరులోనికి ప్రవేశించును కూడ. అయినను కారుట ఆగిపోదు. వారమునకొకసారి కొట్టవలసిన గాలి రెండు వారములకొకసారి కొట్టవలసివచ్చునేమో, అంతే. వాల్వునుండి పోవునది, పంచరునుండి పోవునది నత్రజనియైనంత మాత్రమున ఆగదు. మరియొక విశేషము కలదు. మామూలు గాలి నింపిన ట్యూబులోనుండి ఆమ్లజని ముందుగా పోవుటచే మిగిలినదానిలో నత్రజని పాలు పెరుగుచుండును. కారినంత గాలిని మరల మరల కొట్టుచు వచ్చినచో కొన్ని నెలలకు ట్యూబులోని నత్రజని పాలు దానంతటదియే హెచ్చును.

విమానముల టైర్లలో నత్రజని నింపుటకు కారణము వేరు. 1986 మార్చి 31న మెక్సికో దేశమున ఒక బోయింగు 727 విమానము ఎగిరిన కొలదిసేపటికే కూలి 167 మంది మరణించిరి. బ్రేకు మిక్కిలి వేడెక్కగా, నత్రజనికి బదులు గాలి నింపిన టైరు పేలి, ఇంధనపు గొట్టములను ఛేదించి మంటలు లేపెను. అధికమైన వేడిలో రబ్బరునుండి వెలువడు ఆవిరులు ఆమ్లజనితో కలసి భగ్గుమనును. మరుసటి సంవత్సరము అమెరికా విమానయాన శాఖ పెద్ద విమానముల చక్రములలో ఆమ్లజని నూటికి 5 పాళ్ళు మించరాదని ఆదేశించెను. వందలకొలది డిగ్రీల బ్రేకు వేడి సైకిలు టైరునకు తగులదు. విమానమునకు ప్రాణరక్షణమైనది సైకిలునకు అనవసరపు వ్యయము.

నత్రజని నింపినచో ఎండకు వ్యాకోచింపదను మాట కూడ వినబడుచుండును. ఇది సరికాదు. వేడికి పీడనము పెరుగుట అన్ని వాయువులకును సమానమే. ఉదయము 27 డిగ్రీల వద్ద 40 పౌండ్లున్న టైరు, మధ్యాహ్నపు ఎండలో 57 డిగ్రీలకు వేడెక్కినచో ఏ వాయువున్నను 45 పౌండ్ల పైకి చేరును. ఐదారు పౌండ్ల పెరుగుదలకు మంచి టైరు పగులదు. ఎండాకాలమున పేలునవి చాలవరకు అరిగిన టైర్లు, వేడికి అతుకు లేచిన పాత ట్యూబులు.

రబ్బరునుండి బహు మెల్లగా పోవు వాయువు కూడ ఒకటి కలదు: సల్ఫర్ హెక్సాఫ్లోరైడు. దాని అణువు పెద్దది. రబ్బరులో జరుగుట కష్టము. 1990 ప్రాంతమున జర్మనీలో దీనిని కారు టైర్లలో నింపిరి. కాని టైరు పాడైన నాడు ఆ వాయువంతయు ఆకాశమున కలియును. భూమి వేడిని పట్టి నిలుపుటలో అది బొగ్గుపులుసు వాయువునకు ఇరువదివేల రెట్లకు పైగా బలమైనది. యూరోపియన్ యూనియన్ దీనిని టైర్లలో వాడుటను 2007 జూలై నుండి నిషేధించినది.

మూడవదియగు ప్రమాదమును గూర్చి స్పష్టముగా చెప్పవలెను. వెల్డింగు షాపులో దగ్గరనున్నదిగదా యని ఆమ్లజని సిలిండరునుండిగాని, ఎసిటిలీనునుండిగాని, వంటగ్యాసునుండిగాని టైరు నింపరాదు. వంటగ్యాసు, ఎసిటిలీను, ఉదజని మండునవి. పంచరు వేయునపుడు ఒక్క నిప్పురవ్వ చాలును. ఆమ్లజని తాను మండదు గాని ఇతర పదార్థములను ఉగ్రముగా మండించును. పీడనముతో నున్న ఆమ్లజని నూనెకు, గ్రీజుకు తగిలినచో పేలుడు సంభవింపవచ్చును. సైకిలులో నూనెయు గ్రీజును లేని చోటేది?

మామూలు గాలితో కూడ ఒక ప్రమాదము కలదు. లారీ టైర్లకు గాలి కొట్టు యంత్రము నూరు పౌండ్ల పైబడిన పీడనముతో పనిచేయును. లారీ టైరు పెద్దది గనుక మెల్లగా నిండును. రెండున్నర లీటర్ల సైకిలు ట్యూబు క్షణములలో హద్దు దాటి, ముఖము చేరువనే పగులును. అట్టి యంత్రమువద్దకు పిల్లలను ఒంటరిగా పంపరాదు. తప్పనిసరియైనచో కొద్దికొద్దిగా విడుచుచు, మధ్యమధ్య టైరును నొక్కి చూచుకొనవలెను. టైరు ప్రక్కన అచ్చువేసియుండు పీడనపు హద్దును దాటరాదు.

ఇంతవరకు చూచినదానిని బట్టి తేలినదేమనగా, సైకిలునకు మన చుట్టునున్న గాలియే ఉత్తమము. అది అంతట దొరకును, మండదు, మెల్లగానే కారును, కారినదానిని పంపుతో నిముషములో పూరించుకొనవచ్చును. డబ్బు వెచ్చింపదలచినవారు దానిని మంచి బ్యూటైల్ ట్యూబుకును, పీడనము చూపు గేజి గల పంపుకును వెచ్చింపవలెను. వారమునకొకసారి గాలి చూచుకొనవలెను. వాల్వు కొనపై ఒక నీటిచుక్క వేసి బుడగ లేచునేమో గమనింపవలెను. లేచినచో లోపలి చిన్న రబ్బరు గొట్టమును మార్పింపవలెను. దాని ఖరీదు అతి స్వల్పము. ట్యూబును తొట్టినీటిలో ముంచి చూచినను బుడగ రాక, టైరు మాత్రము నెలకు మెత్తబడుచున్నచో సైకిలు షాపువానిని నిందింపనక్కరలేదు. గాలి రబ్బరులో కరగి తన దారిని తాను పోయినది. మరల కొట్టినచో సరి.